అడ్డంగా మీటర్లు, నిలువుగా అడుగులు: గోదావరి డెల్టాలో ఇంటి అనుమతుల చిక్కుముడి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. క్యూసెక్కుల్లో చెప్పాలంటే సుమారుగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు. కోనసీమలో ఈ అంకెలు ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేదు. మొదటి హెచ్చరికకు ఏ కాజ్‌వే మునుగుతుందో, రెండోదానికి ఎవరి అరటి తోటలోకి నీళ్లెక్కుతాయో, మూడోదానికి ఏ వీధి దాకా పడవ వస్తుందో లంక ఊళ్లలో అందరికీ తెలిసిన లెక్కే.

వరదను ఇంత కచ్చితంగా అడుగుల్లో కొలిచే చోట, ఇల్లు కట్టుకోవడానికి ఉన్న నిబంధనలు తిరగేస్తే ఈ అడుగుల ఊసు దాదాపుగా కనిపించదు. అక్కడ ఉండేవి మీటర్లు. అవీ అడ్డంగా కొలిచే మీటర్లు: నది హద్దు నుంచి ఇంత దూరం, కాలువ నుంచి ఇంత దూరం. గోదావరేమో దూరం చూసుకుని రాదు, పల్లం చూసుకుని వస్తుంది. ఏటి ఒడ్డున మెరక మీదున్న పాత ఇల్లు పొడిగా ఉండిపోవడం, కిలోమీటరు అవతల పల్లంలో వేసిన కొత్త కాలనీ నడుములోతు నీళ్లలో ఉండడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. డెల్టాలో భవన నిబంధనలు, వాటి సడలింపుల చుట్టూ ఉన్న గందరగోళం చాలావరకు ఈ తేడాలోంచి పుట్టిందే.

ఒక్క స్థలం మీద నాలుగు గీతలు

వరద ప్రాంతం ఇదీ అని చూపించే ఒక మ్యాపు, దానికో చట్టం, దాని కింద ఇళ్లకు అనుమతిచ్చే ఒక అధికారి. ఇలాంటి ఏర్పాటు మన దగ్గర లేదు. వరద మైదానాలను జోన్లుగా విడగొట్టడానికి కేంద్రం 1975లోనే ఒక నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. నదికి ఆనుకున్న భాగంలో కట్టడాలు నిషేధం, ఆ తరువాతి భాగంలో షరతులతో అనుమతి అన్నది దాని సారాంశం. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొద్ది రాష్ట్రాలే ఆ తరహా చట్టం చేశాయి. ఆంధ్రప్రదేశ్ చేయలేదు. దాంతో వేరే అవసరాల కోసం పుట్టిన నాలుగు రకాల నిబంధనలు ఈ పని కూడా మోయాల్సి వస్తోంది.

అన్నిటికంటే పాతది 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, ఇప్పటికీ మనకు వర్తిస్తున్న చట్టమిది. నదిని సర్వే చేయించి, దాని హద్దుల్ని ప్రకటిస్తే, ఆ హద్దుల లోపల అనుమతి లేకుండా కట్టడాలు కట్టకూడదు, గట్లు వేయకూడదు, చెట్లు కూడా నాటకూడదు. దాని వెనకున్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: ప్రవాహానికి అడ్డం వచ్చేదేదైనా నీళ్లను పక్కవాడి మీదికి తోస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మూడు దశాబ్దాలు గడిచిన కాలంలో, ఇంజినీర్ల దృష్టంతా నీటిపారుదల మీదున్న రోజుల్లో రాసిన చట్టం కాబట్టి, దీనికి ఇంట్లో మనిషి మునుగుతాడా లేదా అన్నది పట్టదు. నది సాఫీగా పారుతుందా లేదా అన్నదే పట్టింపు.

రెండోది మనకు ఎక్కువగా ఎదురయ్యేది: 2017 మార్చిలో 119వ నంబరు జీవోగా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు. నది గర్భంలోనూ, చెరువు పూర్తి నీటిమట్టం లోపలా ఏ కట్టడమూ కూడదు. ఆ బయట బఫర్, అంటే ఖాళీ జాగా, వదలాలి. మున్సిపాలిటీ, కార్పొరేషన్, నగర పంచాయతీల పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9. కాలువ, వాగు, మురుగు డ్రెయిన్ పది మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, లేకపోతే 2. ఈ బఫర్‌లో పార్కులాంటివి తప్ప ఇళ్లు కూడదు. తరువాత ఈ నిబంధనలకు సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి, ప్లాను వేయించే ముందు తాజా జీవో చూసుకోవడం మంచిది.

మూడోది సముద్రం వైపు నుంచి వచ్చే కోస్తా నియంత్రణ మండలం, అందరూ అనేది సీఆర్‌జెడ్. నాలుగోది ఏ భవన నిబంధనల పుస్తకంలోనూ కనిపించని రెవెన్యూ రికార్డు. అసలు ఆ నేల ఎవరిది, ఏ రకం పట్టా అన్న ప్రశ్న. ఈ నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. ఒకదానికి బయటున్న స్థలం ఇంకోదానికి లోపల ఉండొచ్చు. ఒక శాఖ "మా అభ్యంతరం లేదు" అని రాసిచ్చినంత మాత్రాన మిగతా మూడూ ఒప్పుకున్నట్టు కాదు. కానీ ఆచరణలో జనం ఒక్క కాగితం సంపాదించి నాలుగూ దాటేశామనుకుంటారు.

టేపు ఎక్కడ పెట్టాలి?

వంద మీటర్లు వదలాలి, సరే. ఎక్కడి నుంచి? నిబంధనలో ఉన్న మాట నది హద్దు. ఆ హద్దును ఖరారు చేయాల్సింది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. ఇది చదవడానికి తేలికే. స్థలం మీద నిలబడ్డప్పుడు చూడాలి.

సర్వేయరు ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం, నకలు పట్టుకుని వస్తాడు. అందులో సర్వే నంబరుకు తూర్పున "గోదావరి" అని రాసి ఉంటుంది, ఒక గీత ఉంటుంది. ఆ గీత కోసం రాయి వెతుకుతారు. రాయి ఉండదు. ఎప్పుడో కోతలో జారిపోయి ఉంటుంది, లేదా ఇసుక మేటలో పూడిపోయి ఉంటుంది. ఎండాకాలంలో అయితే నీళ్లు ఎక్కడో దూరంగా పాయలో ఉంటాయి, మధ్యలో అంతా ఇసుక తిప్పే. అక్కడి నుంచి టేపు పెడితే యజమాని గెలుస్తాడు. ఆగస్టులో వచ్చి కొలిస్తే వంద మీటర్ల గుర్తు ఇంటి వెనక దొడ్డి దాటిపోతుంది. ఏటిగట్టు ఉన్నచోట గట్టు అంచునే నది హద్దు అనుకుంటే ఇంకో లెక్క వస్తుంది. మూడు చోట్ల టేపు పెడితే ముగ్గురు వేర్వేరు సమాధానాలు రాయొచ్చు. ముగ్గురి దగ్గరా కారణం ఉంటుంది.

అందుకే ఇక్కడ అసలు సడలింపు ఫైలు మీద జరగదు, టేపు పెట్టే చోట జరుగుతుంది. బఫర్‌ను 100 నుంచి 60కి తగ్గించండి అని ఎవరూ అర్జీ పెట్టరు. పెట్టినా కింది స్థాయిలో ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. కానీ నది హద్దును 40 మీటర్లు అవతలికి చూపించే సంయుక్త తనిఖీ నివేదిక ఒకటి వస్తే, నిబంధన ఒక్క అక్షరం కూడా మారకుండానే ఇల్లు సక్రమమైపోతుంది. ఇది అన్నిసార్లూ మోసమే అనడం కూడా సరికాదు. కదిలే నదికి కదలని గీత గీయాల్సి రావడంలోనే తిరకాసు ఉంది.

గోదావరి నిజంగానే కదులుతుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ, కింద వైనతేయ, ఇలా పాయలుగా విడిపోయి ఒకచోట కోస్తూ, ఇంకోచోట మేట వేస్తూ పోతుంది. పట్టా ఉన్న కొబ్బరి తోట కళ్లముందే ఏట్లో కలిసిపోయిన రైతులు వసిష్ఠ, గౌతమి తీరాల్లో ఎంతోమంది. వాళ్ల పట్టా కాగితం మీద అలాగే ఉంటుంది, నేల మాత్రం ఉండదు. పదేళ్ల కిందట నదికి 120 మీటర్ల దూరంలో అనుమతితో కట్టిన ఇల్లు, కోత వల్ల ఇవాళ 70 మీటర్లలోకి వస్తే ఏమవుతుంది? ఉన్న ఇంటికి వచ్చే ఇబ్బంది తక్కువ. కానీ కొత్త ప్లాను పెట్టిన రోజున, అంటే పై అంతస్తు వేయాలన్నా, పడగొట్టి మళ్లీ కట్టాలన్నా, గీత మళ్లీ ఎదురొస్తుంది.

గట్టుకు ఇవతల, గట్టుకు అవతల

బయటి వాళ్లకు ఒక విషయం విడమర్చి చెప్పాలి. గోదావరి పాయలకు రెండు వైపులా ఏటిగట్లు ఉన్నాయి. డెల్టాలోని పెద్ద ఊళ్లన్నీ గట్టుకు ఇవతల, గట్టు రక్షణలో ఉన్నాయి. లంక గ్రామాలు మాత్రం గట్టుకు అవతల, నది వైపు ఉంటాయి. ఆచంట మండలంలో అయోధ్యలంక, పెదమల్లంలంక, అనగారలంక ఇలాంటివే. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగినప్పుడల్లా వార్తల్లోకి వచ్చే కనకాయలంక ఇంకోటి. నది చట్టం కళ్లతో చూస్తే వీటిలో చాలా ఇళ్లు నదిలోనే ఉన్నట్టు. రెవెన్యూ కళ్లతో చూస్తే ఇవి తరతరాలుగా ఓటరు కార్డులు, బడి, గుడి, పంచాయతీ ఉన్న ఊళ్లు.

లంక భూములకు పట్టాల లెక్క కూడా వేరే. రెవెన్యూ వాళ్లు వీటిని ఎ, బి, సి అని వర్గాలు చేస్తారు. స్థిరపడి మెరకైన నేల ఒక వైపు, ప్రతి వరదకూ మునిగి కోతకు గురయ్యే నేల ఇంకో వైపు. మెరుగైన రకానికి డి-పట్టా, అంటే ప్రభుత్వం కేటాయించి ఇచ్చే పట్టా, రావొచ్చు. సి రకానికి కొన్నేళ్ల లీజు మాత్రమే. లీజుకిచ్చిన నేల సాగుకే తప్ప ఇంటికి కాదు. చిత్రమేమిటంటే, డెల్టా మొత్తంలో భూమిని వరద ప్రమాదాన్ని బట్టి వర్గీకరించిన పద్ధతి ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే. అదీ ఇళ్ల కోసం కాదు, శిస్తు కోసం.

ఈ భూముల్లో చాలా సర్వే నంబర్లు 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంటాయి. అక్కడ స్థలం కొన్నామని చెప్పేవాళ్ల చేతిలో తరచుగా ఉండేది నోటరీ కాగితం లేదా స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం. అలాంటి స్థలానికి ఏ ప్లానూ పాస్ కాదు. ప్లాను లేదు కాబట్టి బ్యాంకు లోను రాదు. లోను రాదు కాబట్టి వడ్డీకి తెచ్చి ఉన్నంతలో కడతారు. ఉన్నంతలో కట్టేటప్పుడు మొదట తగ్గేది పునాది ఎత్తు. నిషేధం ఇంటిని ఆపలేదు, ఇంటి బలాన్ని మాత్రం తగ్గించింది. ఈ అంశం మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే.

సముద్రం వైపు కథ

సీఆర్‌జెడ్ అంటే బీచ్ పక్కన రిసార్టుల గొడవ అనుకుంటారు చాలామంది. కోనసీమలో అది ఇంటి పెరట్లోకి వచ్చే విషయం. ఆటుపోట్లు తగిలే ఏరు, పాయ, డ్రెయిన్ ఏదైనా దీని కిందికి వస్తుంది. ఎంత దూరం వరకు అన్నది ఉప్పదనంతో తేలుస్తారు. ఏడాదిలో బాగా ఎండగా ఉన్న కాలంలో నీటిలో ఉప్పు లీటరుకు అయిదు గ్రాముల స్థాయిలో ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా. సఖినేటిపల్లి నుంచి కాట్రేనికోన దాకా తీర మండలాల్లో ఎండాకాలం ఉప్పునీరు పైకి ఎగదన్నడం రైతులందరికీ తెలుసు. వరి పోయిందని వాళ్లు మొత్తుకునే ఉప్పు, ఇళ్ల విషయంలో హద్దురాయిగా మారుతుందని మాత్రం చాలామందికి తెలియదు.

2011 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పాయల ఒడ్డున 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అది. 2019 జనవరి నోటిఫికేషన్ దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. సముద్రం ఒడ్డున గ్రామీణ ప్రాంతాల్లో 200 మీటర్లు కట్టడాలు కూడని జోన్. అయితే 2011 జనగణన లెక్కన చదరపు కిలోమీటరుకు 2161 మంది కంటే ఎక్కువ జనం ఉన్నచోట 2019 నోటిఫికేషన్ దాన్ని 50కి కుదించింది. ఒక మెలిక ఉంది: రాష్ట్రం కొత్త నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళిక తయారుచేసి, కేంద్రం ఆమోదం పొందేదాకా పాత దూరాలే నడుస్తాయి. 50 అని పేపర్లో చదివి పునాది తీసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి.

సడలింపు అనదగ్గది నిజంగా ఉన్నది ఈ నిబంధనల్లోనే. పాత అధీకృత ఇంటిని అదే కొలతల్లో బాగుచేసుకోవచ్చు, మళ్లీ కట్టుకోవచ్చు. మత్స్యకారుల్లాంటి సంప్రదాయ తీరవాసులకు 2011 నోటిఫికేషన్ 100 నుంచి 200 మీటర్ల మధ్య రెండంతస్తులకు, 9 మీటర్ల ఎత్తుకు మించకుండా ఇళ్లకు వీలు కల్పించింది. అంటే ఇక్కడ చట్టం స్థలాన్ని మాత్రమే కాదు, మనిషినీ చూస్తుంది: ఈ నీళ్ల మీదే బతికేవాడికి ఒక న్యాయం, వ్యూ కోసం వచ్చేవాడికి ఇంకో న్యాయం. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఆలోచించి రాసిన వాక్యం ఏదన్నా ఉంటే అది ఇదే. కేరళలో మరడు ఫ్లాట్లను సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో పేల్చి కూల్చింది సీఆర్‌జెడ్ ఉల్లంఘన కింద. ఫ్లాట్లు కొన్నవాళ్లు పంచాయతీ ఇచ్చిన పర్మిట్లు చూపించారు. అవి పనికిరాలేదు.

సడలించేది ఎవరు, దేన్ని?

మున్సిపాలిటీ పరిధిలో సెట్‌బ్యాక్ (గోడకూ స్థలం హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ) కాస్త తగ్గితే, అంటే పది శాతం లోపు తేడా అయితే, జరిమానా కట్టించుకుని సర్దుబాటు చేసే వీలుంది. రోడ్డు విస్తరణకు స్థలం వదిలితే సెట్‌బ్యాక్‌లోనో అంతస్తుల్లోనో మినహాయింపు దొరుకుతుంది. అంతకు మించినవి ప్రభుత్వానికి వెళ్లాలి. పంచాయతీల్లో చిన్న ఇంటికి పంచాయతీయే అనుమతిస్తుంది. పెద్ద కట్టడాలకు, లేఅవుట్లకు టౌన్ ప్లానింగ్ లేదా పట్టణాభివృద్ధి సంస్థ సాంకేతిక ఆమోదం కావాలి. ఇవన్నీ గాలీ వెలుతురూ, దారి, పార్కింగ్ లాంటి వాటికి సంబంధించిన సడలింపులు. నీటికి సంబంధించిన బఫర్ వీటిలోకి రాదు.

అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు మనకు 2007 నుంచి విడతలు విడతలుగా బీపీఎస్ (జరిమానా కట్టించుకుని సక్రమం చేసే) పథకాలు వస్తున్నాయి. ప్రతిసారీ ఊళ్లో ఒక ఆశ పుడుతుంది: డబ్బు కడితే అన్నీ సక్రమం అయిపోతాయని. ప్రభుత్వ భూమి, చెరువు గర్భం, నీటి వనరులు, సీఆర్‌జెడ్ పరిధి ఈ పథకాలకు బయట. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టగలగడం, ఫీజు కట్టించుకోవడం అర్హత కిందికి రాదు. తరువాత తిరస్కరించవచ్చు.

ఇక ఎవరూ సడలింపు అనని సడలింపులు కొన్ని ఉన్నాయి. ఇంటి పన్ను రసీదు. కరెంటు మీటరు. డోరు నంబరు. కుళాయి కనెక్షన్. "పన్ను కడుతున్నాం, కరెంటు ఇచ్చారు, ఇంకా అక్రమం ఎలా అవుద్ది?" అని అడగని మనిషి ఉండడు. అడగడంలో న్యాయం కూడా ఉంది. కానీ పట్టణాల్లో అనుమతి లేని కట్టడానికి ఆస్తిపన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా పెనాల్టీ కలిపి వసూలు చేసే నిబంధనే ఉంది. ఆ పన్ను చెల్లించినందువల్ల కట్టడం సక్రమం అయిపోదని కూడా చట్టం ఉద్దేశం. ప్రభుత్వం ఒక చేత్తో పన్ను తీసుకుంటూ ఇంకో చేత్తో నోటీసు పట్టుకుని ఉండగలదు. నోటీసు ఎప్పుడు బయటికొస్తుందో రాజకీయాన్ని బట్టి ఉంటుందని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కృష్ణా కరకట్ట లోపల ఉండవల్లిలో ప్రభుత్వమే కట్టిన ప్రజావేదిక అనే సమావేశ మందిరాన్ని 2019 జూన్‌లో తరువాతి ప్రభుత్వం కూల్చినప్పుడు చర్చకొచ్చింది ఈ నది నిబంధనలే. దాని పక్కన ఇళ్లకూ నోటీసులు వెళ్లాయి. ఒకే గట్టు లోపల ఒకటి కూలి మిగతావి నిలబడితే, రూలు నది కోసం ఉందని ఎవరు నమ్ముతారు?

ప్రభుత్వం తానే కట్టేటప్పుడు పల్లాన్ని చూసుకోని సందర్భాలకు కొదవలేదు. రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడి ఆవ భూముల్లో పేదలకు ఇళ్ల స్థలాలు ఇవ్వాలన్న నిర్ణయం 2020లో హైకోర్టు దాకా వెళ్లింది. ఆవ అంటేనే నీళ్లు నిలిచే పల్లమని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. అలాంటి చోట మెరక చేయడానికే బోలెడు ఖర్చవుతుంది. మొన్నటి పేదల కాలనీల్లో ప్రభుత్వం ఒక్కో ఇంటికి లెక్కగట్టిన యూనిట్ విలువ 1.80 లక్షల రూపాయలు. అందులో పునాది రెండడుగులు ఎక్కువ లేపమంటే గోడలకు ఏం మిగులుతుంది?

మేస్త్రీ అడిగే ప్రశ్న

గోదావరి జిల్లాల్లో పాత మేస్త్రీ ముగ్గు పోయకముందే ఒక మాట అడుగుతాడు: "ఎనభై ఆరు వరదకి నీళ్లెక్కడిదాకా వచ్చాయండీ?" 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చాయి, భద్రాచలంలో 75.6 అడుగులు. ఇంటి పెద్దలు గోడ మీదో, గుడి అరుగు మీదో గుర్తు చూపిస్తారు. దాన్ని బట్టి బేస్‌మెంటు ఎంత లేపాలో తేలుతుంది. లంకల్లో పాత ఇళ్లు చూడండి. అరుగు మనిషి నడుమెత్తు ఉంటుంది, ఆరేడు మెట్లుంటాయి, లోపల అటక బియ్యం బస్తాలు పట్టేంత వెడల్పుంటుంది. రెండో హెచ్చరిక రాగానే ఫ్రిజ్ బల్ల మీదికి, మోటారు అటక మీదికి, గేదెలు ఏటిగట్టు మీదికి.

మేస్త్రీ అడిగే ఈ ప్రశ్న మన అనుమతి దరఖాస్తులో ఉండాల్సినంత గట్టిగా లేదు. జాతీయ భవన స్మృతి పునాది అరుగు చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర, ఎత్తుండాలంటుంది. ఇది వాననీరు లోపలికి రాకుండా చెప్పిన కొలత. హైదరాబాద్ గుట్ట మీదా అంతే, అయినవిల్లి లంకలోనూ అంతే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008 మార్గదర్శకాలు మాత్రం నిలువు లెక్కలో మాట్లాడాయి. ఆసుపత్రి, విద్యుత్ కేంద్రం, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ లాంటివి నూరేళ్లకోసారి వచ్చే వరద మట్టం కంటే పైన ఉండాలి. నివాసాలు, ప్రభుత్వ కార్యాలయాలు పాతికేళ్లకోసారి వచ్చే వరద మట్టం కంటే పైన. స్తంభాల మీద లేపి కట్టే ఇళ్లకు వీలుంది.

"పాతికేళ్లకోసారి" అనగానే ఇప్పుడొచ్చింది కదా, ఇంక పాతికేళ్లు నిశ్చింత అనుకుంటాం. లెక్క అది కాదు. ఏ సంవత్సరమైనా అది రావడానికి వందకు నాలుగు వంతుల అవకాశం ఉందని. ముప్ఫై ఏళ్ల ఇంటి లోను తీరేలోగా ఒక్కసారైనా ఆ మట్టం దాటే అవకాశం 70 శాతం. నూరేళ్ల వరదకైతే అదే ముప్ఫై ఏళ్లలో 26 శాతం. 2006లో 28 లక్షల క్యూసెక్కుల పైచిలుకు, 2020లో 22 లక్షలు దాటి, 2022 జూలైలో దాదాపు 26 లక్షలు. పాతికేళ్ల లోపు మూడు పెద్ద వరదలు చూసినవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఈ సడలింపును ఎలా రాసుకున్నారో చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ 1968 నుంచి ఉన్న జాతీయ వరద బీమా పథకంలో చేరిన ప్రతి ఊరూ, ఏటా ఒక్క శాతం అవకాశమున్న వరద మట్టాన్ని ఆధారంగా పెట్టుకుని, ఇంటి కింది అంతస్తు దానికంటే పైన ఉండాలని నిబంధన పెట్టుకోవాలి. దాన్ని సడలించమని అడిగేవాడు సరైన కారణం చూపాలి, ఇవ్వకపోతే అసాధారణమైన కష్టం కలుగుతుందని చూపాలి. ప్రధాన ప్రవాహ మార్గంలో నీటిమట్టాన్ని పెంచే పనైతే సడలింపే లేదు. ఇస్తే మాత్రం యజమానికి లిఖితంగా తెలియజేయాలి: మీ బీమా ప్రీమియం ప్రతి వంద డాలర్ల కవరేజీకి 25 డాలర్ల దాకా పోవచ్చు, మీ ప్రాణానికీ ఆస్తికీ ముప్పు పెరుగుతుంది అని. ఆ రికార్డును ఊరు భద్రపరచాలి. అక్కడ అందరూ బుద్ధిగా పాటిస్తారని కాదు. కానీ సడలింపు ఇచ్చినవాడి పేరు, కారణం, దాని ధర కాగితం మీద ఉంటాయి. మన దగ్గర సడలింపు ఖరీదు ఆగస్టులో తెలుస్తుంది, అదీ సడలింపు పొందినవాడికే కాదు, పక్కింటివాడికి కూడా.

పక్కింటివాడి సంగతి ఎందుకంటే, మెరక చేయడం అనేది ఒక్కడి వ్యవహారం కాదు. లారీల కొద్దీ మట్టి తోలి స్థలాన్ని నాలుగడుగులు లేపితే ఆ స్థలంలో నిలవాల్సిన నీళ్లు పక్క స్థలంలో నిలుస్తాయి. వీధిలో ఒకడు లేపితే అందరూ లేపాలి, లేపలేనివాడు గుంటలో మిగులుతాడు. అమలాపురం చుట్టుపక్కల వరిచేలు లేఅవుట్లు అయ్యాక వాననీరు దిగక వారాల తరబడి నిలవడానికి ఇదొక కారణం. కౌశిక లాంటి డ్రెయిన్లు గుర్రపుడెక్కతో పూడి ఉండడం ఇంకో కారణం. స్తంభాల మీద ఇల్లు లేపితే నీరు కింద నుంచి పోతుంది, ఎవరికీ నష్టం లేదు. కానీ స్టిల్ట్ ఇల్లు మనకు కార్ పార్కింగ్ పేరుతోనే తెలుసు. దాన్ని లంకలో ఒక పేద ఇంటికి ఎత్తు లెక్కలోంచి మినహాయించి, అదనపు ఖర్చుకు సాయమిచ్చే సడలింపు ఉంటే బాగుంటుంది. నిబంధనల్ని వదులు చేయకుండా ఇవ్వగలిగిన సడలింపు ఇదొక్కటే అని నేననుకుంటాను.

ఇల్లు కట్టాలనుకునేవాళ్లు ముందు చేయాల్సింది

అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు 22-ఎలో ఉందో లేదో చూడాలి. పట్టా డి-పట్టానా, లంక లీజా, జిరాయితీయా (సొంత హక్కున్న భూమా) అన్నది అడంగల్‌తో పాటు పాత రికార్డులో కూడా చూడాలి. అప్పట్లో నాలా (భూమి మార్పిడి) రుసుము కట్టి వ్యవసాయేతర భూమిగా మార్పించామని అమ్మేవాడు చెబితే, అది భూమి వాడకానికి సంబంధించిందే తప్ప ఇంటికి అనుమతి కాదని గుర్తుంచుకోవాలి. నదికో డ్రెయిన్‌కో దగ్గరైతే జలవనరుల శాఖ, రెవెన్యూ కలిసి హద్దు చూపించిన నివేదిక నకలు తీసుకోవాలి. అందులో దూరం ఏ పాయింటు నుంచి కొలిచారో రాసి ఉందా లేదా అన్నది మొదట చూడాల్సిన విషయం. రాసి లేకపోతే రాయమనాలి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదు) అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టిన కాగితం రేపు కోర్టులో ఎటూ నిలబడదు. తీర మండలాల్లో దీనికి తోడు సీఆర్‌జెడ్ మ్యాపులో సర్వే నంబరు ఎక్కడ పడుతుందో తెలుసుకోవాలి. తిరస్కరిస్తే కారణం లిఖితంగా అడగాలి, నోటిమాటతో వెనక్కి వస్తే అప్పీలుకు ఆధారమే ఉండదు.

యానాంలో కొంటున్నవాళ్లు పైవన్నీ పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి ప్రభుత్వం, వేరే భవన నిబంధనలు, వేరే ప్లానింగ్ అధికారులు. 2022 జూలైలో నీళ్లు మాత్రం వంతెనకు రెండు వైపులా వచ్చాయి.